మా మగ్గం గుంత పక్కన జపాన్ అల

సముద్రం చూసినవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు మా డ్రాయింగ్ సార్.

1994. ధర్మవరంలో తొమ్మిదో తరగతి. నలభై మందికి పైగా ఉన్న క్లాసులో ఒకే ఒక్క చెయ్యి లేచింది. ఆ అబ్బాయి మేనమామ మద్రాసులో ఉండేవాడు. మిగతా అందరికీ పెద్ద నీళ్ళంటే మా ఊరి చెరువే, అదీ నిండిన ఏడు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే అప్పటి అనంతపురం జిల్లా మాది. సార్ తలూపి, చంకలో చుట్టి పెట్టుకున్న కాయితం విప్పి నల్లబోర్డు మేకుకు తగిలించారు. పాత క్యాలెండర్ బొమ్మ అది. నీలంగా పైకి లేచి, వంగి, కొసల్లో తెల్లగా చీలిపోయిన ఆకారం ఒకటి.

"ఇదేమిటని నేను అడగడం లేదు. ఏం కనపడతాందో చెప్పండి" అన్నారు.

ఆ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకునే వయసు మాది. ఒకడు గద్ద అన్నాడు. ఇంకొకడు పడగ విప్పిన పాము అన్నాడు. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి మంచుకొండ అంది. మంచు కూడా మాలో ఎవరూ చూసింది లేదు, సోషల్ పుస్తకంలో హిమాలయాల బొమ్మ తప్ప. సార్ ఏ మాటనూ తప్పనలేదు. "ఎక్కడ? వచ్చి చూపించు" అనేవారు. గద్ద అన్నవాడు బోర్డు దగ్గరికి పోయి తెల్లటి నురగ మీద వేలు పెట్టాడు. "కాయితం మీద ఉండేది వంకర తిరిగిన తెల్ల కొసలు. గద్ద నీ తలకాయలో ఉంది. రెండూ కావాలి. కానీ ఏది ఎక్కడుందో తెలిసుండాల" అన్నారు సార్.

పది నిమిషాలు అలా గడిచాక, చివరి బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని అబ్బాయి లేచాడు. వాళ్ళది గొర్రెలు మేపే ఇల్లు. దూరంగా గుట్ట మీద తప్పిపోయిన గొర్రెను కనిపెట్టే కళ్ళు వాడివి.

"సార్, మనుషులుండారు."

మేమంతా బెంచీలు దాటుకుని బోర్డు మీద పడ్డాం. నిజమే. ఆ నీలం కింద మూడు పొడవాటి పడవలు, పడవల్లో వరసగా వంగిపోయిన చిన్న చిన్న తలలు. లెక్కపెడితే ముప్పై దాకా ఉన్నాయి. అంతసేపు చూస్తున్నామనుకున్నాం కానీ ముప్పై మంది మనుషుల్ని చూడలేదు. ఆ రోజు నా ఒళ్ళు జలదరించడం నాకింకా గుర్తుంది. మనుషులు కనపడగానే ఆ నీలం ఆకారం దానంతటదే అలగా మారిపోయింది. అది అల అని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. క్లాస్ ఫస్ట్ అమ్మాయి చెప్పిన మంచుకొండ కూడా ఉంది. అలల మధ్య లోతులో, ఇంకో చిన్న అలలాగా, అంత దూరంలో.

అప్పుడు చెప్పారు సార్ కథంతా. గీసినాయన పేరు హొకుసాయి. జపాన్. 1831 ప్రాంతంలో, ఆయనకు డెబ్బై ఏళ్ళప్పుడు చేసిన బొమ్మ. ఆ చిన్న కొండ ఫూజీ. ఆ కొండనే రకరకాల చోట్ల నుంచి చూపిస్తూ చేసిన 36 దృశ్యాల వరసలో ఇదొకటి. ఇది కుంచెతో వేసిన ఒక్క బొమ్మ కాదు, చెక్క అచ్చులు చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు వేసి, కాయితం మీద అద్దిన బొమ్మ. కాబట్టి వేల కాపీలు తీసి మామూలు జనానికి అమ్మారు. ఆ పడవలు చేపల్ని బజారుకు చేరవేసే పడవలు. ఆ నీలం జపాన్‌ది కాదు, 1700 తర్వాత బెర్లిన్‌లో తయారైన రంగు, ఓడల మీద అక్కడికి చేరింది. ఆ కాలంలో జపాన్ బయటి దేశాలతో రాకపోకలు దాదాపు మూసేసుకుని ఉంది. అయినా రంగు దారి వెతుక్కుని పోయింది.

తర్వాత సార్ చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. క్యాలెండర్ కాయితాన్ని మేకు నుంచి తీసి, కిటికీ వెలుగుకు ఎదురుగా, బొమ్మ అటువైపుకు తిప్పి పట్టుకున్నారు. వెనక నుంచి బొమ్మ తిరగబడి కనిపించింది, తెర వెనక తోలుబొమ్మలాగా. "జపాన్ వాళ్ళు కుడి నుంచి ఎడమకు చదువుతారు. మన కళ్ళు అలతో పాటు పోయి పడవల మీద పడతాయి. వాళ్ళ కళ్ళు ముందు పడవ ఎక్కి, తర్వాత అలకు ఎదురు పోతాయి. ఇట్ల తిప్పి చూస్తే మీకూ అట్ల అనిపిస్తాదేమో చూడండి." అనిపించింది. బొమ్మ అదే, భయం మాత్రం ఎక్కువైంది.

సార్ గురించి కొంచెం చెప్పాలి. డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పాసై, టీటీసీ చేసి ఉద్యోగంలో చేరినాయన. పెద్ద కాలేజీ చదువేమీ లేదు. మా ఊరు జంక్షన్ కాబట్టి ఆదివారం రైలెక్కి బెంగుళూరు పోయి, అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్ళు తిరిగి, చిరిగిన పుస్తకాల్లోంచి, పాత క్యాలెండర్లలోంచి బొమ్మలు తెచ్చేవారు. ఆ డబ్బు ఆయన జీతంలోదే. డ్రాయింగ్‌కు పరీక్ష లేదు, మార్కులు లేవు. వారానికి రెండు పీరియడ్లు, అందులో ఒకటి ఎప్పుడూ లెక్కలకో ఇంగ్లీషుకో పోయేది. పదో తరగతికి వచ్చాక రెండూ పోయాయి. పిల్లల రిజల్ట్ ముఖ్యం అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కానీ నాకు ఇప్పటికీ బాధే. నాకు బడి ఇచ్చిన వాటిలో జీవితమంతా వాడుకున్నది ఆ ఒక్క పీరియడ్‌ని.

మాతో ఒక నోటుబుక్కు పెట్టించారు. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమవైపు పైన 'కనపడింది', కుడివైపు పైన 'అనుకున్నది'. ఎడమ గడి నిండేదాకా కుడి గడిలో ఒక్క మాట రాయకూడదు. ఆ తర్వాత సార్ బొమ్మ పుట్టిన ఊరు, కాలం, చేసినవాడి సంగతి చెప్పేవారు. అది విన్నాక కుడి గడిలో తప్పైంది కొట్టెయ్యాలి, కానీ రబ్బరుతో చెరపకూడదు. మనం ముందేమనుకున్నామో కనపడుతూ ఉండాలి.

ఆ కొట్టివేతల్లో నాకు బాగా గుర్తున్నది ఒక పెళ్ళాం మొగుడు బొమ్మ. అట్లాంటి వెలుగు నేను ఏ బొమ్మలోనూ చూడలేదు. ఒక గది, కిటికీ, బొచ్చు అంచు పొడవు కోటు వేసుకుని పెద్ద టోపీ పెట్టుకున్న మగమనిషి, అతని చేతిలో చెయ్యి పెట్టిన ఆడమనిషి, కాళ్ళ దగ్గర ఒక చిన్న కుక్క. ఆమె ఒంటి మీద చిలకపచ్చ బట్ట, కడుపు ముందుకు పొంగి ఉంది, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. ఇంకేం కావాలి మాకు? ఆకుపచ్చ చీర, ఎత్తుగా కడుపు. ఆడపిల్లలమంతా ఒక్క గొంతుతో "శ్రీమంతం సార్!" అన్నాం. కుడి గడిలో మా అక్కకు చేసిన శ్రీమంతం అంతా రాసేశాను, ఆకుపచ్చ గాజులతో సహా.

సార్ నవ్వలేదు. "మళ్ళీ ఎడమ గడికి రాండి. చెయ్యి ఏం చేస్తాంది?" అన్నారు. దగ్గరికి పోయి చూస్తే, ఆ చెయ్యి కడుపు మీద ఊరికే లేదు. బట్టను కుప్పగా పోగుచేసి ఎత్తి పట్టుకుని ఉంది. కింద నేలంతా ఇంకా బట్ట పరుచుకుని ఉంది. అప్పుడు చెప్పారు. అది 1434లో యాన్ వాన్ ఐక్ నూనె రంగులతో చెక్క మీద వేసిన బొమ్మ. ఊరు బ్రూజ్, ఇప్పటి బెల్జియంలో ఉంది. డబ్బున్న వర్తకుడి ఇల్లు. అక్కడ ఆ కాలంలో అన్ని గజాల ఉన్నిబట్టతో కుట్టించుకుని, ముందు పోగుచేసి పట్టుకోవడమే ఫ్యాషన్. గర్భవతి కాదు, కలిగినింటి మనిషి. మా శ్రీమంతం మీద గీత పడింది. నాకు చాలా చిన్నతనం అనిపించింది. సార్ నా నోటుబుక్కు చూసి, "నీకు తప్పెట్ల వచ్చిందో తెలిసిందా? ఆమె పచ్చను మన పచ్చ అనుకున్నావు" అన్నారు. కాసేపాగి, "కానీ బట్టను చూసినావు. వేరేవాళ్ళు కుక్కను చూసినారు" అన్నారు.

బట్టను చూడకుండా నేనెలా ఉంటాను? మాది మగ్గం ఇల్లు. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి నాన్న పట్టుచీర నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. నేను బడి నుంచి వచ్చి జరీ కండెలు అందించేదాన్ని. ధర్మవరం చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేస్తే, ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు కనపడుతుంది. రంగు పేరు చెప్పకముందే వెలుగు ఎటునుంచి పడుతోందో చూసే అలవాటు నాకు అక్కడే వచ్చింది.

ఆ బొమ్మ వెనక గోడ మీద గుండ్రటి అద్దం ఒకటుంది. కుంభాకార దర్పణం అన్నమాట. అందులో ఆ ఇద్దరి వీపులు, వాకిట్లో ఇంకో ఇద్దరు మనుషులు కనపడతారు. అద్దం పైన గోడ మీద 'యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434' అని లాటిన్‌లో రాసి ఉంది. ఆ ఇద్దరు ఎవరు, పగటిపూట పైన వేలాడే దీపాల గుత్తిలో ఒక్క కొవ్వొత్తే ఎందుకు వెలుగుతోంది, విడిచిన చెప్పులకు అర్థం ఏమిటి అని పెద్ద పెద్ద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారని సార్ చెప్పినప్పుడు మాకు ధైర్యం వచ్చింది. చెప్పులు విడిచారంటే అది దేవుడి ముందు చేసే పనై ఉంటుందని మేమనుకున్నట్టే అక్కడి పండితుడొకాయన కూడా అన్నారట, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారట. ఆ మాట మీద మాత్రం గీత కొట్టనివ్వలేదు సార్. పక్కన ప్రశ్న గుర్తు పెట్టించారు.

ఈజిప్టు బొమ్మ వచ్చిన రోజు క్లాసంతా ముందే గెలిచేశాం అనుకుంది. నెబమున్ అనే ఉద్యోగి సమాధి గోడ మీది బొమ్మ, క్రీస్తుపూర్వం 1350 ప్రాంతానిది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెల్లు పడవ మీద నిలబడి పిట్టల్ని వేటాడుతున్నాడు. పక్కన ఒక పిల్లి కూడా పిట్టల్ని పడుతోంది. మొహం పక్కకు తిరిగి ఉంది, కన్ను మాత్రం పూర్తిగా మనవైపు. "తోలుబొమ్మ సార్!" అని అరిచాం. మా ఊరికి దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మలు చేసే ఇళ్ళున్న ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు మొదట ఆ ఈజిప్టు క్లాసే గుర్తొచ్చింది.

"పోలిక బాగుంది. కారణం కూడా ఒకటేనా?" అన్నారు సార్. కాదు. నిమ్మలకుంటలో మేకతోలును వెలుగు దాటేంత పలచగా గీకి, రెండువైపులా రంగులు వేసి, నగలకు, అంచులకు సన్న చిల్లులు కొట్టి తెర మీద నిలబెడతారు. రాముడూ రావణుడూ ఎదురెదురుగా మాట్లాడుకోవాలి, ముక్కూ నోరూ తెర మీద తెలియాలి, కాబట్టి పక్కకు తిరిగి ఉంటారు. నెబమున్ బొమ్మ ఆట కోసం కాదు, చనిపోయినవాడి తర్వాతి బతుకు కోసం. ఒంట్లో ప్రతి భాగం ఎటునుంచి బాగా తెలుస్తుందో అటునుంచే చూపించారు. ముఖం పక్కనుంచి, కన్ను ఎదురుగా, భుజాలు ఎదురుగా, పాదాలు పక్కనుంచి. భార్య, కూతురు చిన్నగా ఉండడం దూరంగా ఉన్నందుకు కాదు, ఆ సమాధి అతనిది, అందుకని అతనే పెద్ద.

ఆ డిసెంబరులో లేపాక్షి తీసుకుపోయారు. అప్పట్లో అదీ మా అనంతపురం జిల్లానే. తెల్లవారకముందే బస్సు, పులిహోర పొట్లాలు, పెనుకొండ దాటేసరికి ఎండ. నంది దగ్గర ఫొటో, వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగడం అన్నీ అందరూ చేసేవే మేమూ చేశాం. తర్వాత మండపంలో రాతి నేల మీద వెల్లకిలా పడుకోమన్నారు సార్. ఆడపిల్లలం ముందు సిగ్గుపడ్డాం. ఆయనే మొదట పడుకున్నారు.

అలా పడుకుంటే పైకప్పంతా ఒకేసారి కిందికి దిగి వచ్చింది. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. సున్నపు పూత మీద బొమ్మలు. పొడవాటి గళ్ళలో, వరసగా నిలబడిన మనుషులు, పక్కకు తిరిగిన మొహాలు, పెద్ద కళ్ళు. శివపార్వతుల పెళ్ళి. అడవిపంది కోసం శివుడూ అర్జునుడూ బాణాలెత్తిన కిరాతార్జునీయం. రథం కింద దూడ పడిపోతే ఆవు గంట మోగించిన మనుచోళుడి కథ. ఈ కథలు మాకు వచ్చు, కాబట్టి నోటుబుక్కులో కుడి గడి చకచకా నిండిపోయింది, ఎడమ గడి ఖాళీ. సార్ అది చూసి, "కథ తెలిసిన బొమ్మే కష్టం. తెలీని బొమ్మను చూస్తారు, తెలిసిన బొమ్మను చదివేసి పోతారు. ఇప్పుడు కథ మర్చిపోయి చూడండి" అన్నారు.

కథ మర్చిపోయి చూస్తే నాకు చీరలు కనపడ్డాయి. పార్వతి పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చుక్కలు, లతలు, అంచులు. ఏ రెండూ ఒకటి కావు. మగవాళ్ళ తలల మీద పొడవాటి కుళ్ళాయిలు. నేను లేచి కూర్చుని అడిగాను, "సార్, శివుడి పెళ్ళి ఎప్పుడో జరిగింది కదా, వీళ్ళకు రాయలవారి కాలం కుళ్ళాయిలు ఎందుకున్నాయి?" ఆయన మొహం వెలిగిపోయింది. అది తలచుకుంటే నాకిప్పటికీ సంతోషం. "అదీ ప్రశ్న. కథ దేవుడిది, బట్ట గీసినవాడి కాలానిది. వాన్ ఐక్ బొమ్మలో నువ్వు చూసింది ఏంది మరి?" అన్నారు.

మా క్లాస్ ఫస్ట్ అమ్మాయికి ఇంకోటి తట్టింది. అంత పైకప్పు మీద ఎర్రకావి ఉంది, పసుపు ఉంది, ఆకుపచ్చ ఉంది, నల్లటి గీతలున్నాయి, తెలుపుంది. హొకుసాయి నీలంలాంటి నీలం ఎంత వెతికినా మా కళ్ళకు పడలేదు. సార్ మమ్మల్ని బయటికి తీసుకుపోయి గుట్ట చూపించారు. కాలికింద ఎర్రమట్టి, పక్కన సున్నపురాయి ముక్క. "ఇంటి చుట్టూ దొరికే రంగులు ఇవి. బెర్లిన్ నీలం పుట్టడానికి ఇంకా నూట యాభై ఏళ్ళకు పైనే ఉంది అప్పటికి." నేను ఆ ఎర్రమట్టి కొంచెం కాయితంలో పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

గోడ మీద రెండు ఎర్ర మచ్చలు చూపించి గైడ్ కథ చెప్పాడు. రాజుగారి సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడన్న నింద పడితే, రాజు శిక్షించకముందే విరూపణ్ణ తన కళ్ళు తానే పీక్కుని గోడకు విసిరికొట్టాడని, ఆ మరకలే ఇవని. మాలో ఇద్దరు ఏడ్చేశారు. సార్ ఆ కథను అబద్ధమనలేదు. నోటుబుక్కు తెరవమన్నారు అంతే. ఎడమవైపు 'గోడ మీద రెండు ఎర్ర మచ్చలు' అని రాశాం. కుడివైపు 'విరూపణ్ణ కళ్ళు అని జనం చెప్పుకుంటారు'. ఆ రెండు వాక్యాల మధ్య నిలువు గీత ఎందుకు గీయించారో నాకు ఆ గుడిలో అర్థమైంది.

పదో తరగతి చివర, పీరియడ్లు ఎలాగూ లేవని, సార్ తన బొమ్మలు మాకు పంచేశారు. గొర్రెల అబ్బాయి నెబమున్ పిల్లిని అడిగి తీసుకున్నాడు. నేను అల అడిగాను. మనుషుల్ని చూసింది వాడు కాబట్టి వాడికే ఇవ్వాలేమోనని మనసులో పీకుతూనే ఉండింది. వాడిని అడిగితే, "నాకు పిల్లి చాలు, నువ్వు తీసుకో" అన్నాడు.

ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను. నాన్న చదువు మూడో తరగతి. మగ్గం ఆపి, చేతులు పంచెకు తుడుచుకుని, కాయితం దీపం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. అల అనలేదు, పడవ అనలేదు, జపాన్ ఎక్కడుందని అడగలేదు.

"ఇందులో నీలం ఒకటి కాదు పాపా. మూడుండాయి. ముదురు, నడిమిది, లేతది. తెలుపు రంగు కాదు, కాయితం అట్ల వదిలిపెట్టినాడు. మనం బుటా దగ్గర పడుగు కనపడనిచ్చినట్టు."

ఏడాదంతా సార్ దగ్గర చూడడం నేర్చుకున్న నేను నీలాలు లెక్కపెట్టలేదు. నాన్న ఆ బొమ్మను మగ్గం గుంతకు ఎదురుగా గోడకు అంటించాడు. తల ఎత్తితే కనపడే చోట.

అది అక్కడే ఇరవై ఆరేళ్ళు ఉంది. సార్ రిటైరయ్యారు, ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయారు. నేను అనంతపురం వచ్చేశాను. నాన్న పోయాక, మగ్గం తీసేసి గుంత పూడ్చేటప్పుడు నేనే పోయి గోడ మీద నుంచి ఆ కాయితం ఒలిచాను. ఎండకు, దుమ్ముకు పసుపంతా వెలిసిపోయింది. ఆకాశం తెల్లబడింది. పడవల రంగు దాదాపు పోయింది. నీలం మాత్రం నిలిచింది, మూడుకు మూడూ. మొన్న ఆదివారం కిటికీ దగ్గర పెట్టి చూశాను. పడవ ఉండాల్సిన చోట వెతికితే వంగిన తలలు ఇంకా దొరుకుతున్నాయి. ముందున్న పడవలో ఎనిమిది లెక్కపెట్టాను.